సిరా ఆరేదాకా ఫ్యాన్ వేయకండి

టీచర్ పోయారు. ఇక్కడ సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లోని మా ఇంట్లో, మా అమ్మాయికి జడ వేస్తుంటే ఫోన్ వచ్చింది. సాయంత్రానికల్లా జపాన్ నుంచి ఇక్కడిదాకా అందరూ ఒకే మాట రాశారు: సౌమ్యురాలైన చిత్రకారిణి ప్రశాంతంగా కన్నుమూశారని. చదివి నాకు ఒళ్లు మండింది. ఆవిడ సౌమ్యురాలని ఎవరు చెప్పారు? నేను వెళ్లిన ప్రతిసారీ దేనిమీదో ఒకదానిమీద విరుచుకుపడుతూనే ఉండేవారు. మనిషి పోగానే ఇస్త్రీ చేసి మడతపెట్టేస్తారెందుకో.

తెలియనివారి కోసం చెబుతాను. టీచర్ జపాన్‌లో మాంగా, అంటే బొమ్మల కథలు, గీసి పేరు తెచ్చుకున్నారు. భర్త ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి, ఆయన పోయాక కూడా ఆంగ్ మో కియో ఫ్లాట్‌లోనే ఉండిపోయారు. ఆవిడ క్లెమెంటిలో నడిపిన బొమ్మల క్లాసుకి ఏమీ తోచక వెళ్లిన నేను, చివరికి ఆవిడకి సహాయకురాలినయ్యాను. గోడలూ కిటికీలూ గీయడం, నలుపు నింపడం నా పని. మనుషుల ముఖాలు మాత్రం ఆవిడవి.

ఆ ముఖాల దగ్గరే జీవితమంతా గొడవ. కథానాయిక వెనక జనం ఉంటే, తలల చోట గుండ్రాలు చుట్టి వదిలేయడం ఆ వృత్తిలో మామూలు. వారం వారం పత్రికకి పేజీలు ఇవ్వాలి, ఎవరికి తీరిక? టీచర్ ఒప్పుకోలేదు. రైలెక్కే జనంలో ఒకాయనకి పంటినొప్పి, ఒకావిడకి కొత్త చెప్పులు కరుస్తుంటాయి. అదంతా ముఖాల్లో కనిపించాల్సిందే. పేజీలు ఆలస్యమయ్యాయి. మంచి ఊపుమీదున్న కథని పత్రికవాళ్లు ఆపేశారు.

"గుండ్రాలు చుట్టేసి ఉంటే ఆ కథ బతికేది కదా టీచర్" అన్నాను ఒకసారి.

"బతికేది. అందులో మనుషులే ఉండేవాళ్లు కారు" అన్నారు, కలం కడుగుతూ.

తర్వాత ఆ జనం కోసమే దేశదేశాలవాళ్లు ఆ పుస్తకాలు వెతుక్కుని మరీ కొన్నారు. టీచర్ పొంగిపోలేదు. "వీళ్లూ ఆలస్యంగానే వచ్చారు" అన్నారంతే.

ఆవిడ గీత వెంట్రుకంత సన్నం. నీడలు మాత్రం కటిక నలుపు. బూడిదరంగు అంటే అస్సలు గిట్టదు, ఎటూ తేల్చుకోలేనివాళ్ల రంగు అనేవారు. గీశాక సిరా ఆరేదాకా ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు. కాగితం ఎగిరి ఎవరి ముక్కో అలుక్కుపోతుందని భయం. ఈ ఊరి ఉక్కలో సిరా ఒక పట్టాన ఆరదు. ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. "వాళ్ల కోసం ఈమాత్రం ఓర్చుకోలేవా?" అని కాగితం మీది జనాన్ని చూపించేవారు.

చివరి పేజీ ఆంగ్ మో కియో మార్కెట్. చేపలు బేరమాడే కథానాయికా, పక్కన కొన్ని ముఖాలూ అయ్యేసరికి చెయ్యి మొరాయించింది. మిగిలినవన్నీ పెన్సిల్ గుండ్రాలే. ఆసుపత్రిలో నా మణికట్టు పట్టుకుని, "మిగిలినవి నువ్వు గీయి. ఖాళీగా వదిలావో, ఊరుకోను" అన్నారు. అంతకుముందెప్పుడూ నన్ను ఒక్క కన్ను కూడా గీయనివ్వని మనిషి.

నిన్న ఆ పేజీ తీసుకెళ్లడానికి, టీచర్ బొమ్మలతో ఎగ్జిబిషన్ పెడుతున్నతను ఆవిడ ఫ్లాట్‌కి వచ్చాడు. కరీంనగర్ అతను, మర్యాదస్తుడే. నేను సిరా మూత తీయడం చూసి కంగారుపడ్డాడు.

"అక్కా, గట్లనే ఉండనియ్యండి. ఖాళీగ ఉంటేనే ఫీల్ వస్తది. అన్‌ఫినిష్డ్ అని పెద్ద లేబుల్ పెడతం. మీరు ముట్టుకుంటే ఇగ అది ఆమె పేజీ కాదు. మీరు అసిస్టెంటే గద."

"అవును, అసిస్టెంటునే. పేజీ పూర్తిచెయ్యడమే నా పని" అన్నాను.

అన్నాను గానీ వెంటనే కలం ముంచలేకపోయాను. ఉన్నది ఒక్కటే కాగితం. సిరా పడితే తుడవలేం. నా గీత ఆవిడ గీతంత సన్నం కాదు, ఎప్పటికీ కాదు. అయినా, బతుకంతా దేనితో పోట్లాడారో దాన్నే ఆవిడ పేరుతో గోడకి తగిలిస్తారా? నేనుండగా జరగనివ్వను. ముందు మార్కెట్ తిండికొట్ల దగ్గర టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసుకుంటున్న, అంటే తనదని ఆపిపెట్టుకుంటున్న, ఆంటీ ముఖం గీశాను, ఎవరైనా లాక్కుంటారేమోనన్న అనుమానంతో సహా. తర్వాత కూలిపనికి ఈ దేశం వచ్చి, లారీ దిగుతున్న మనవాళ్లు. అందులో ఒకడికి ఊరినుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది, నవ్వు ఆపుకుంటున్నాడు. ఒక్క గుండ్రం కూడా మిగల్చలేదు.

అతను నుదురు తుడుచుకుంటూ స్విచ్ వైపు చెయ్యి చాచాడు. "మస్తు ఉక్కగుందక్కా."

"ఆరనీ బాబూ" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి కాగితం మీదికి వంగాడు. తన చెమట దానిమీద పడకుండా గడ్డం కింద అరచెయ్యి పట్టుకుని, లారీ దిగుతున్నవాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. వాడి నవ్వు ఇంకా తడిగా మెరుస్తోంది.