మామా గదిలో బల్లి పలికింది

ఇప్పటికీ మామా బల్లుల గదిలోకి నోరు మూసుకునే పోతాను. అక్కడ అన్న మాట ఊరికే పోదు.

మామా అంటే కువైట్‌లో నేను పనిచేసే ఇంటావిడ. ఇళ్ళలో పనిచేసే మేమంతా యజమానురాలిని అలాగే పిలుస్తాం. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక ఈమెకు బల్లుల పిచ్చి పట్టింది. మా కడప పక్క చీపురుతో తరిమేవాటిని గాజు పెట్టెల్లో ఉంచి, పండ్ల గుజ్జు తినిపించి, గుడ్లు పెట్టించి పిల్లలు చేయిస్తుంది. బయట ఎండ మాడిపోతున్నా ఆ గదిలో ఏసీ ఆగదు, కర్టెన్ తీయరు. ఆ బల్లులకు కనురెప్పలుండవు. నాలుక చాచి తమ కళ్ళను తామే నాక్కుంటాయి. చూసిన మొదటిరోజు నాకు అన్నం సయించలేదు.

పెట్టిన గుడ్డును తిరగేస్తే లోపల పిల్ల చచ్చిపోతుందట. అందుకని పైకున్న వైపు పెన్నుతో చుక్క పెట్టి తడిమట్టి డబ్బాలో దాచాలి. ఆ పని నాదే. గుడ్లకు బొట్టు పెట్టే బతుకైపోయిందే అని నవ్వుకునేదాన్ని.

ఆ నవ్వు పోగొట్టింది ఒక ముసలి ఆడబల్లి. మామా ఒక గుడ్డును టార్చి వెలుగులో చూసి "ఇది బతకదు" అంది. వెంటనే ఆ ముసలి బల్లి పెట్టెలోంచి టిక్ టిక్ టిక్. మా ఇళ్ళలో ఎవరైనా మాట అనగానే బల్లి పలికితే అది జరిగి తీరుతుందని వేలితో నేలను తట్టి "సత్యం" అంటాం. నా వేలు దానంతటదే పోయి బల్లను తట్టింది. గుడ్డు కుళ్ళిపోయింది. ఇంకోసారి మామా ఫోనులో తన చెల్లెలితో, తన కోడలికి ఆడపిల్లే పుడుతుందని చెప్పింది. టిక్ టిక్ టిక్. ఆడపిల్లే పుట్టింది. అరబ్బీలో అన్న మాటకు మన బల్లిశాస్త్రం ఎట్లా చెల్లుతుందే పిచ్చిదానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. భయం మాత్రం పోలేదు.

ఆ ఏడు నేను ఊరికి పోవాలి. సెలవుకు కాదు, పూర్తిగా. ఈసారి వస్తే మళ్ళీ పోనని కూతురికి ఫోనులో మాటిచ్చాను. ఆ పిల్ల నన్ను ఫోనులో చూసిందే గానీ పక్కన పడుకుని ఎరగదు. ఖైతాన్ బజారులో పెద్ద సూట్‌కేసు కొనుక్కొచ్చి మంచం కింద పెట్టుకున్నాను. పొద్దున లేవగానే దాన్ని ఒకసారి తాకితే గానీ పనిలోకి పోబుద్ధయ్యేది కాదు.

దుమ్ము తుఫాను లేచిన ఒక మధ్యాహ్నం, మూసిన కర్టెన్ కూడా ఎర్రబడింది. ఆ గదిలోనే మామాకు చెప్పాను. "ఖలాస్ మామా, ఇంక నేను రాను." ఆమె కోప్పడలేదు. నా తలమీద చెయ్యి వేసి, ప్రేమగానే, "నువ్వెక్కడికి పోతావు? పోయినా నా దగ్గరికే వస్తావు" అంది.

టిక్ టిక్ టిక్.

చేతిని జేబులో దాచుకున్నాను. తట్టకపోతే చెల్లదేమోనని ఆశ. మామా బయటికి పోయాక ఆ ముసలి బల్లి పెట్టె ముందు నిలబడి, మా ఊరి మాటలో, "నేను రాను. ఇంగ రానంటే రాను" అని దానికి చెప్పాను. నోరు ఎండిపోయేదాకా చెప్పాను. అది కన్ను నాక్కుని నన్నే చూసింది. కిక్కురుమనలేదు.

మామా నా ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రద్దు చేయించలేదు. తిరుగు టికెట్ కూడా చేతిలో పెట్టింది. దాన్ని సూట్‌కేసు అడుగున పడేసి, విమానం ఎక్కి కూర్చున్నాక, నీ పలుకు బొంకేనే ముసలిదానా అనుకున్నాను.

ఇంటికి చేరిన కొన్నాళ్ళకు, మధ్యాహ్నం అన్నాలు తిని చాప మీద పడుకున్నాం. నా కూతురు నా చెయ్యి తీసి తన మీద వేసుకుంది.

"ఇంగ యాడికీ పోవు గదా మా?"

"పోను లేమ్మా," అన్నాను. నిజంగానే అన్నాను.

గోడమీద ట్యూబులైటు పక్కన మామూలు బల్లి ఒకటుంది. వద్దన్నా వాగే జాతి. నా కూతురు వేలు నేలకు ఆనించి, తట్టడానికి సిద్ధంగా, దానివైపే చూస్తోంది. నేనూ చూశాను. పలకవే, ఒక్కసారి పలుకు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. అది కాసేపు మా ఇద్దరినీ చూసి ట్యూబులైటు వెనక్కి పోయింది.

"పలకల్యా మా," అంది నా కూతురు. వేలు మాత్రం నేలమీంచి తీయలేదు.