మేనకోడలి బరువు

మా అక్క పెద్ద కూతురి పెళ్లి ఖాయమైన రోజు, పుంగనూరులో వాళ్లింట్లో భోజనాలై అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు, మా బావ తేల్చేశాడు.

"పెళ్లికూతుర్ని మా అన్న కొడుకు ఎత్తుకొస్తాడులేప్పా. నువ్వు పక్కన నడువు, సాలు. నిన్ను ఎత్తేదానికే నలుగురు కావాల."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు కానీ, వంగి విస్తళ్లు తీస్తూ ఉండిపోయింది. మా వైపు పెళ్లికూతురిని గదిలోంచి మండపం దాకా చేతుల మీద మోసుకురావడం మేనమామ పని. మా అమ్మానాన్నలు పోయారు. అక్కకు పుట్టింటి వైపు మిగిలింది నేనొక్కడినే. ఆ ఒక్క పని కూడా వాళ్ల మనిషే చేస్తే, ఆ పెళ్లిలో మా ఇంటి లెక్క సున్నా.

"నేనే ఎత్తుతా," అన్నాను.

"ఆ మోకాలితోనా? మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాండావు. అచ్చం మా పుంగనూరు ఆవు మాదిరి ఉండావు, పొట్టిగా, గుండ్రంగా. ఆవుకు పూజ చేస్తారు గానీ బరువులు మోయించరప్పా."

మదనపల్లె టమోటా మండీలో తూకాల లెక్క చూసేది నేనే. పదో తరగతితో చదువు ఆగింది; లెక్కలు చూసి చూసి నేర్చుకున్నాను. అందుకే కోపం ఎంత వచ్చినా ముందు లెక్క వేశాను. మేనకోడలు యాభై ఆరు కిలోలు. పట్టుచీర, నగలు, పూలజడ, దండలు కలిపి ఇంకో నాలుగు. మొత్తం అరవై. నేను నూట నాలుగు. నా ఎత్తుకు ఉండాల్సింది డెబ్బై నాలుగు. అంటే సగం పెళ్లికూతురిని అప్పటికే రోజూ మోస్తున్నాను, పొట్ట దగ్గర కట్టుకుని. అరిగిపోయిన కుడి మోకాలు ఎందుకు ఏడుస్తోందో డాక్టరు చెప్పక్కర్లేదు. అయినా చెప్పాడు, నా ముఖం కూడా చూడకుండా.

మదనపల్లెలో నేను చేరిన జిమ్ము రెండో అంతస్తులో ఉంది. మోకాళ్లు బాగున్నవాళ్లకే లోపలికి దారి. సుత్తితో కొట్టినట్టు పాటలు. నాలుగు గోడలకూ అద్దాలు. నేను ఒక్కడిని ఉంటేనే ఎక్కువ, అక్కడ అయిదుగురిగా కనిపించాను. ట్రైనర్ ఏమీ అడగకుండా ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"కూసో అన్నా. ఇప్పుడు చేతులు ఆనించకుండా లెయ్."

"నేను బరువులు ఎత్తేదానికి వచ్చినా."

"నీకంటే బరువు ఈడ ఏముండాదన్నా? ముందు దాన్ని ఎత్తు."

లేవలేకపోయాను. సగం లేచి మళ్లీ కూలబడితే కుర్చీ కిర్రుమంది. అద్దం ముందు ఉన్న ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ట్రైనర్ కుర్చీ మీద నాలుగు రబ్బరు మ్యాట్లు పేర్చి ఎత్తు పెంచాడు. అప్పుడు లేచాను. కొన్ని వారాలకొకసారి ఒక మ్యాటు తీసేసేవాడు. వాడి లెక్క సరిపోతున్న కొద్దీ వాడి మీద నా కోపం పెరిగింది.

తర్వాత నేల మీది ఇనుప రాడ్డును, తుంటి బలంతో, వీపు వంచకుండా ఎత్తడం. కొన్ని రోజులు మోకాలు వాచేది. ఐసు పెట్టుకుని మండీకి వెళ్లేవాడిని. "ఏమన్నా, మా కూలికి పోటీ వస్తాండావా?" అని హమాలీలు ఎగతాళి చేసేవాళ్లు. రాడ్డు మీద అరవై కిలోలు ఎత్తిన రోజు పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మండీలో ఒక టమోటా క్రేటును పెళ్లికూతురిని పట్టుకున్నట్టు చేతుల మీదికి తీసుకున్నాను. ముప్పై కిలోలు కూడా లేదు. నడుము ముందుకు విరిగినట్టయింది. రాడ్డు కాళ్లకు ఆనుకుని వేలాడుతుంది. మనిషి రొమ్ము ముందు ఉంటుంది. బరువు లెక్క వేశాను గానీ, అది ఒంటికి ఎంత దూరంలో ఉంటుందో లెక్క వేయలేదు.

"ముందే యాల చెప్పలేదు?" అని ట్రైనర్ మీద పడ్డాను.

"పెళ్లికూతుర్ని మోసేదానికని నువ్వు చెప్పినావా? నువ్వేదో షుగర్‌కు వస్తాండావనుకున్నా!"

సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి బియ్యం మూటలు వాటేసుకుని నడిచాను. పెళ్లినాటికి నేను తొంభై మూడు. యాభై కిలోల మూట వరకు వచ్చింది. పది తక్కువ. పెళ్లికూతురు మెడ పట్టుకుంటుంది, మూట పట్టుకోదు. ఆ పదీ అక్కడ సరిపోతుందనుకున్నాను.

పెళ్లి కుప్పంలో, మగపెళ్లివాళ్ల ఊరిలో. గది తలుపు దగ్గర బావ అన్న కొడుకు చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నాడు.

"పడేస్తావేమోనని రెడీగా పెట్టినా," అన్నాడు బావ.

అమ్మాయి స్టూలు మీదికి ఎక్కింది. మెడ చుట్టూ చేతులు వేసి చెవిలో అంది: "మామా, నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. నీకోసరమే."

ఒళ్లు మండింది. దానివల్ల తగ్గేది అర కిలో. నామీద ఉన్న నమ్మకం అంత.

ఎత్తాను. మోకాలు టక్కుమంది, మేళంలో నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఎవరి ముఖమూ చూడకుండా నడిచాను. మండపంలో పీట దగ్గర అసలు పని: వంగి, పడేయకుండా, దించాలి. నాలుగు మ్యాట్లూ తీసేశాక, కుర్చీ కూడా తీసేసినట్టుంది. దించాను.

బావ వచ్చాడు. "కెమెరా వాడు లైటు సర్దుకుంటాండాడంట. ఫోటో రాలే. మళ్లీ గదిలోకి పోయి ఇంకోసారి ఎత్తుకొని రాప్పా."

"మోసినానా లేదా, అది చెప్పు బావా."

"అది కాదప్పా, ఆల్బంలో..."

"మోసినానా, లేదా?"

ఆయన కెమెరా వాడి వైపు తిరిగాడు. అప్పుడు అక్క, మేళం వాళ్లు కూడా ఆగి చూసేంత గట్టిగా, "మోసినాడు. నేను సూసినా," అంది.

ఆల్బంలో ఒక పేజీ నిండా బావ అన్న కొడుకు చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నాడు. నేను లేను. బావ చుట్టాలకు అది చూపిస్తూ, "మా బామ్మర్ది ఎత్తినాడంట," అంటాడు, తను ఆ రోజు ఊళ్లో లేనట్టు.

జిమ్ము మానలేదు. బావకు ఇంకో కూతురు ఉంది. అరవై రెండు కిలోలు. ఈసారి కెమెరా వాడిని నేనే మాట్లాడతాను.