వదిన కారు మీద నా పడవ

పడవ అంటే చేపలకి సముద్రంలోకి పోయేది కాదు. ఇద్దరు కూర్చుని తెడ్డేసుకునే సన్నటి ఫైబర్ కనూ. మా ఊళ్ళో తట్టాంచావడి పేటలో ఒక వర్క్‌షాపు వెనకాల బోర్లా పడి ఉంటే చూసి, ఆదివారాలు అరియాంకుప్పం ఏట్లో తిప్పుకోవచ్చని ఆశపడ్డాను. మూడు వారాలు పోయి పోయి బేరం చేశాను. నాలుగో వారం ఓనరే చేతులెత్తి, "తీసుకుపో సామీ, నువ్వు మళ్ళీ రాకుంటే చాలు" అని తమిళంలో అన్నాడు. కొసరుగా రెండు తెడ్లూ, ఒక తాడు చుట్టా రాబట్టాను. పడవని కారు మీద కట్టే బెల్టులు మాత్రం బయట కొనుక్కోమన్నాడు. తాడు ఉచితంగా చేతిలో ఉండగా బెల్టులు కొనేవాడు మా వంశంలో పుట్టలేదు.

కారు మా ఆవిడ అక్కది. పైన రెండు అడ్డ కడ్డీల క్యారియర్ ఉన్న కొత్త కారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. అక్కాచెల్లెళ్ళు అంతకుముందు ఆర్నెల్లు మాట్లాడుకోలేదు. కారణం నేనే. వదిన గృహప్రవేశానికి వంటాయనతో బేరమాడి రేటు తగ్గించాను. ఆయన పాయసం తగ్గించాడు. సరిగ్గా వదిన వియ్యపురాలి ఆకు దగ్గరికి వచ్చేసరికి గుండిగ ఖాళీ. పోయిన నెలే మళ్ళీ మాటలు కలిశాయి.

"కారుకు గీత పడితే నన్నడుగు అక్కా" అని మా ఆవిడ మాటిచ్చి తాళాలు తెచ్చింది. నాతో మాత్రం, "గీత పడిందో, మా అక్క మళ్ళీ నాతో మాట్లాడదు. నేను మీతో మాట్లాడను" అంది.

ఓనరూ నేనూ చెరో కొనా పట్టి పడవని ఎత్తి, కడ్డీల మీద బోర్లించాం. కింద ముందే పాత బొంత పరిచి ఉంచాను. మాది మూడు తరాల కిరాణా కొట్టు. కట్టడం నాకొకరు నేర్పాలా? మూడు చుట్లు చుట్టి, మా కొట్టు ముడి వేసి, చేత్తో చరిచాను. "ముందూ వెనకా కూడా బంపర్ కిందున్న కొక్కేలకి కట్టు" అన్నాడు ఓనరు. తాడు అయిపోయిందన్నాను.

"బెల్టులు కొనండి అంటే వింటారా?" అంది మా ఆవిడ.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర పైన టక్కుమంది.

"ఏందది సద్దు?"

"పడవ సర్దుకుంటా ఉంది."

"సర్దుకునేదానికి అదేమన్నా పరుపా?"

రెడ్డియార్‌పాళయం దగ్గర పడుతుండగా పక్కన ఆగిన బస్సు డ్రైవరు తల బయటపెట్టి, మా పడవ ముక్కు ఆయన బస్సులోకి తొంగి చూస్తోందని చెప్పాడు. దిగి చూస్తే పడవ అడ్డం తిరిగి ఉంది, ముడి సగం ఊడి వేలాడుతోంది. అప్పుడు బుర్ర వెలిగింది. మా కొట్టు ముడి ఊడడానికే వేసే ముడి! పొట్లం ఇంటికి తీసుకుపోయిన ఆడవాళ్ళు కత్తెర వెతుక్కోకుండా, కొస పట్టి ఒక్క లాగు లాగితే విడిపోవాలని మా తాత నేర్పాడు. గాలి కూడా అలాగే ఒక్క లాగు లాగింది.

ఎదురుగానే హార్డ్‌వేర్ షాపు. లోపలి పెద్దాయన మా మాట విని తెలుగులోనే పలకరించాడు. "ఏంది నాయనా, పడవేసుకుని షాపుకొచ్చినారు?"

బెల్టుల ధర చెప్పాడు. నా నాలుక ఊరుకోదు కదా. "రెండు తీసుకుంటే?"

ఆయన నా భుజం మీదుగా రోడ్డుకడ్డంగా ఉన్న పడవని తీరిగ్గా చూశాడు. "రెండు తీసుకుంటే రెండిటికీ ఇయ్యాల."

"ఇచ్చేయండి," అంది మా ఆవిడ పళ్ళ బిగువున.

డబ్బులు పెట్టెలో వేసుకున్నాక పెద్దాయనే వచ్చి బెల్టులు పడవ మీంచి కడ్డీల కిందకి పోనిచ్చి బిగించాడు. ముందూ వెనకా కొక్కేలకీ కట్టాడు. పడవని పట్టి ఊపితే కారంతా ఊగింది గానీ పడవ కదల్లేదు.

మా ఇంటి గేటు దగ్గర వదిన కారు కోసం కాచుకుని ఉంది. పడవ దించి, పక్కకి జారిన బొంత తీస్తే, పడవ అడ్డం తిరిగిన చోట కారు మీద వేలెడు గీత. మా ఆవిడ మొహం పాలిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే, "వదినా, ఇది నా ముడి పని. మీ చెల్లెలు బెల్టులు కొనమని మొత్తుకుంది, నేనే వినలేదు" అన్నాను.

వదిన వేలు తడి చేసి రుద్దింది. పోలేదు. చెల్లెలి మొహం చూసింది, నా మొహం చూసింది.

"రేపు మేట్టుపాళయంలో పెయింటర్ దగ్గరికి పోదాం. మరిదిగారూ, మీరూ రండి. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రండి."

మర్నాడు పెయింటర్ ఒక ధర చెప్పాడు. అందులో సగానికి నేను సునాయాసంగా దించగలను. వదిన వెంటనే "సరే" అనేసింది. నాకు తెలియకుండానే ఒక దగ్గు వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే తిరిగి నన్ను చూశారు, ఆపైన ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. పెయింటరుకి ఏమీ అర్థం కాలేదు. నేను గోడ మీదున్న రంగుల పట్టికని పైనుంచి కిందకి చదువుతూ నిలబడ్డాను.