బండి వదిలేసిన హీరో

మా నాయన చిత్తూరులో ఒక మామిడి మండీకి లారీ తోలేవాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు గానీ ఇంగ్లీషు సినిమాలంటే ప్రాణం. బండ్లు పరిగెత్తేవైతే మరీనూ. లోకమంతా కాలి బూడిదయ్యాక, నీళ్ళూ పెట్రోలూ లేని ఎడారిలో ఒకడు తన బండితో తిరిగే కథ వరసగా మూడు భాగాలొచ్చింది. మొదటి రెండూ ఆయన నాలుగేసి సార్లు చూశాడు.

"లోకం అయిపోయినా బండి తోలేవాడికి పని ఉండాది, సూడు మే" అనేవాడు అమ్మతో.

"మన గంగవరం పక్క ఎండాకాలంలో పోతే ఆ ఎడారి ఉత్తినే అగపడతాది, దానికి టికెట్టెందుకో" అనేది అమ్మ.

మూడో భాగం ఊళ్ళన్నీ తిరిగి, గీతలు పడ్డ రీళ్ళతో ఎనభైల్లో మా ఊరొచ్చింది. నేనప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికొచ్చిన నన్ను, తిరిగి వెళ్ళాల్సిన రోజు నాయన పొద్దుటాటకు తీసుకెళ్ళాడు. మాటలు తెలుగులో చెప్పడం నా పని. ఆట అయ్యాక తిరుపతికి పోయే లోడుతో నన్నూ హాస్టల్లో దింపుతానన్నాడు. అదే మండీలో పనిచేసే ఇంకో డ్రైవరు, నేను మామా అని పిలిచే మనిషి, మాతో వచ్చాడు.

ఒక మాట దాచకూడదు. ఆరు నెలలుగా నేను నాయన లారీలో ఎప్పుడు కూర్చున్నా, "సదువుకుంటుండావు గదా పాపా, ఆ బోర్డు సదువు" అనేవాడు. తెలుగు బోర్డయినా సరే, పక్కకొచ్చేదాకా అడుగుతూనే ఉండేవాడు. నా చదువు చూసుకుని మురిసిపోతున్నాడని అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండేది.

సినిమా మాత్రం హాలును రెండుగా చీల్చింది. ఇందులో హీరో సరిగ్గా కొట్లాడడు. దారిలో దొరికిన ఒక పిల్లకు బండి తోలడం నేర్పుతూ కూర్చుంటాడు. వెనకవాళ్ళు కుర్చీలు బాదారు. ముందువాళ్ళు నోరు మూసుకోమని తిట్టారు. ఆఖరున ఆ పిల్ల దప్పికతో ఉన్న జనాన్ని ఎక్కించుకుని బండి తోలుకుపోతుంది. అందులో ఇంకొకరికి చోటు లేదు. హీరో తెల్లటి ఎండలో నిలబడిపోతాడు. అక్కడ మాటలేమీ లేవు. అందుకని నేనూ నాయన చెవిలో ఏమీ చెప్పలేదు.

బయట నన్నారి షర్బత్ అంగడి దగ్గర మామ మండిపడ్డాడు.

"బండి వదిలేసినోడు హీరో యేందప్పా? ముందు రెండూ తీసినోడికి ఇప్పుడు మతిపోయిందా?"

పక్కనున్న ఎవరో అడ్డొచ్చారు. "అంతమందిని బతికించినాడు గదన్నా. బండి యేం, ప్రాణమా?"

"డ్రైవరుకి ప్రాణమే!" అన్నాడు మామ.

నాయన ఇద్దరినీ చూసి నవ్వాడు. "మీరిద్దరూ నిద్దరపోయినారా యేంది? బండి యాడ వదిలినాడు? వాడే గదా తోలుకుపోయినాడు. రెండు నుంచి మూడో గేరుకి పోయేటప్పుడు రవ్వంత ఆగి యేస్తాడు వాడు. మూడు సినిమాల్లోనూ అదే సెయ్యి. నా సెవులకు తెలీదా?"

పిసరంత దొరికితే ఏడాది పొడుగునా ఎగతాళి చేసే మామ, గ్లాసు అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

నాయన కూడా నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు పాపా. నువ్వూ సూసినావు గదా."

అవును నాయనా అంటే సరిపోయేది. ఆయన పరువు నిలిచేది, ఉద్యోగమూ నిలిచేది. కానీ ఆ మధ్యాహ్నం ఆయన తోలబోయే దారిలో బడిపిల్లలుంటారు, ఎద్దులబండ్లుంటాయి.

"తోలింది ఆ పిల్ల నాయనా. వాడు నేర్పినట్టే గేరు మార్చింది, అందుకే నీకట్ల ఇనిపించింది. వాడు ఆడే నిలబడిపోయినాడు."

"దూరంగానా?"

"లేదు నాయనా. దగ్గరే. తెరలో సగం వాడే."

నాయన షర్బత్ గ్లాసు కింద పెట్టేశాడు. "బొమ్మంతా ఎండే గదా. కండ్లు జిగేల్మన్నాయి" అని మాత్రం అన్నాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి మామ చేతిలో పెట్టాడు. ఆ లారీని ఇంకొకరు తోలడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు తోలప్పా. నాకు తలనొప్పిగా ఉండాది."

మామ డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. నేను మధ్యలో కూర్చున్నాను. నాయన ఎడమ పక్క కిటికీ దగ్గర, ఎవరింటికో వచ్చిన చుట్టంలా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఒక్క బోర్డు కూడా చదవమనలేదు. ఆరు నెలలు ఏమీ ఎరగనట్టు బోర్డులు చదివిపెట్టిన నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడుపు ఆపుకోవడానికి పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

పూతలపట్టు దాటాక ఆయన గొంతు విప్పాడు. "ముందర కల్వర్టు, మెల్లిగా పో." కల్వర్టు వచ్చింది. "ఎడం పక్క గుంత." గుంత వచ్చింది. "ఈడ మలుపులో హారన్ కొట్టు." మామ కొట్టాడు. చంద్రగిరి దాకా ఒక్కటీ తప్పలేదు. వాటిని చూసి చెప్పడం లేదని మాత్రం, ఆ క్యాబిన్‌లో ఉన్న ముగ్గురికీ తెలుసు.