బైనాక్యులర్‌కు చూరు కావాలి

గోస్పాడులో మా మేనత్త, చనిపోయిన మా మామ పేరు మీద చర్చికి ఒక రాతి పీఠం చేయించింది. కింద స్తంభం, పైన రెక్కలు చాపిన పక్షిరాజు. ఆ రెక్కల మీద బైబిలు పెట్టుకుని చదవాలి. పని ఆళ్లగడ్డలో చౌడాచారి అనే శిల్పికి అప్పజెప్పింది. ఆయన చిన్నప్పటి నుంచీ గుళ్లకు గరుత్మంతుణ్ణి చెక్కుతున్న మనిషి. పక్షిరాజు అనగానే చేతికి గరుత్మంతుడే వచ్చేశాడు. రెక్కలు బ్రహ్మాండంగా కుదిరాయి. మొహానికి మాత్రం మనిషి చెంపలు, నెత్తిన కిరీటం. చర్చి పెద్దలు వచ్చి చూసి, ఈస్టర్ లోపల తల మారిస్తే సరి, లేదంటే రాయి మీ దగ్గరే ఉంచుకోండి అని చెప్పిపోయారు. అత్త నాకు ఫోన్ చేసింది. "పిట్టల ఎంబడి తిరుగుతాంటావు కదా నాయనా, ఆయప్పకు ఒక నిజం గద్దను చూపీ. ఆదివారమే పో. చర్చికి రాకున్నా నేను ఏమీ అనను."

ముందు ఆచారికి గద్ద ఫోటోలు పంపాను. "ఇది పలక మాదిరి ఉండాదప్పా. తల తిప్పితే ఎట్లుంటాదో యాడ చూసేది?" అన్నాడాయన. అందుకే ఈ ప్రయాణం.

నేను నంద్యాలలో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని చేస్తాను. పిట్టల గురించి నాకెవరూ నేర్పలేదు, తిరిగి తెలుసుకున్నాను. నా పాత బైనాక్యులర్ ఒకటుంది. ఆ రోజు దానితో పాటు బాగా ఖరీదైనది ఇంకొకటి నా సంచీలో ఉంది. బెంగళూరులో ఇవి అమ్మే ఒకాయన, ఇకమీద రాబోయేవి ఇలాంటివే, మీ ఎండల్లో వాడి ఇంకా ఏం మారాలో చెప్పు అని కొన్నాళ్లు వాడమని ఇచ్చాడు. మీట నొక్కితే చేయి వణికినా బొమ్మ కదలదట. పిట్టను చూపిస్తే పేరు అదే రాస్తుందట. ఇలాంటి వాటి గురించి నెట్‌లో రాసేవాళ్లందరూ మంచు, సరస్సు, బాతులు అని రాస్తారు. మార్చి నెల ఆళ్లగడ్డ ఎండలో నిలబడి రాసినవాణ్ణి నేను ఒక్కణ్ణి చూడలేదు.

పొద్దున ఆరింటికి నంద్యాల బస్టాండులో ఎక్కితే శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంటకు కొంచెం పైన పడుతుంది. టికెట్ వంద లోపే. కిటికీ సీటు దొరికితే దారి పొడవునా కరెంటు తీగల మీద పాలపిట్టలు, కోసిన శనగ చేలల్లో కొంగలు కనిపిస్తాయి. ఆళ్లగడ్డలో దిగి, బస్టాండు దగ్గరే ఇడ్లీ తిని శిల్పుల షెడ్లున్న వైపు నడిచాను. దారి అడగనక్కర్లేదు. రాయి కోసే మిషన్ల మోత వైపు పోతే చాలు, చెప్పుల మీద తెల్ల దుమ్ము పడటం మొదలైతే మీరు చేరినట్టే.

చౌడాచారి తువ్వాలు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. టీ తాగుతుంటే గ్లాసు ఆయన పళ్లకు టకటక కొట్టుకుంటోంది. రాయి అరగదీసే గ్రైండర్ పట్టీ పట్టీ చేతులకు వచ్చిన వణుకు అది. "ఉలి పడితే మోచేయి పక్కటెముకలకు ఆనిస్తా. అట్ల నెట్టుకొస్తాండా," అన్నాడు. పీఠం షెడ్డు మూలన గోనెపట్ట కింద ఉంది. ఆయన పట్ట తీయలేదు, నేనూ అడగలేదు.

అహోబిలం రోడ్డులో చేల మధ్య ఒక కరెంటు టవర్ మీద పెద్ద గద్ద గూడు ఉందని నాకు ముందే తెలుసు. ఇంగ్లీషులో టానీ ఈగిల్ అంటారు. మస్తాన్ అనే ఆటో అన్న పోయి రావడానికి నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. అక్కడ ఆగే సేపటికి ఏమీ అడగలేదు. "గద్దను చూసేదానికి ఆటోనా? మా ఇంటి మీదికి కోడిపిల్లల కోసం రోజూ వస్తాది. ఉత్తపుణ్యానికి చూడొచ్చు," అన్నాడు. అది వేరే గద్ద అని చెప్పాను. "అన్నీ కోడిపిల్లనే తింటాయి కదప్పా," అన్నాడు.

గూడుకు బాగా దూరంలో, రోడ్డు పక్కనే ఆపించాను. దగ్గరికి పోతే తల్లి లేచిపోతుంది, పిల్ల ఎండకు మాడిపోతుంది. ముందు నా పాతదే ఇచ్చాను. ఆచారి కళ్లకు పెట్టుకుని కాసేపు తంటాలు పడ్డాడు.

"గద్ద ఎగురుతాందా, కూచోనుందా?"

"కూచోనుంది. ఎగిరేది నీ చేయి," అన్నాడు మస్తాన్.

ఖరీదైనది ఇచ్చి మీట నొక్కాను. ఈసారి ఆయన దాన్ని కళ్ల మీద నుంచి దించలేదు. వణికే చేతిలో బొమ్మ వణకడం లేదు. దీనికి మాత్రం కంపెనీవాళ్లకు దండం పెట్టొచ్చు. అంతలోనే, "ఏందప్పా, మొగం మీద ఏందో రాసినారు?" అన్నాడు. తీసుకుని చూశాను. పిట్ట పేరు ఇంగ్లీషులో సరిగ్గా ముక్కు మీద వచ్చి కూర్చుంది. అదీ తప్పు పేరు. మస్తాన్ ఇంటి మీదికి కోడిపిల్లల కోసం వచ్చే గద్ద పేరు. ఆ పేరు ఎట్లా తీసేయాలో వెతుకుతుండగా ఎర్రలైటు వెలిగింది. వేడెక్కింది, చల్లబడేదాకా ఆగమంది. బొమ్మను నిలబెట్టే పని ఆగిపోయింది. ఇంకా పది కూడా కాలేదు. మాకది లేత ఎండ.

కోపంతో దాన్ని చేలోకి విసిరేద్దామనుకున్నాను. వైండింగ్ చేసేవాడికి తెలుసు, వేడికి తట్టుకోలేని మోటారును ఎవడూ బోరులో దింపడు. మస్తాన్ తన తువ్వాలు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, అద్దాలకు తగలకుండా బైనాక్యులర్‌కు చుట్టి ఆటో నీడలో పెట్టాడు. "ఇంజను కాలితే నేను చేసేది ఇదే," అన్నాడు. ఆచారి కళ్ల మీద అరచేయి అడ్డం పెట్టుకుని టవర్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ గద్ద లేచిపోతే ఆయన పని ఇక అంతే. మళ్లీ రావాలంటే నాకు ఇంకో ఆదివారం దాకా కుదరదు. ఈస్టర్ దగ్గరికి వచ్చేసింది.

కాసేపటికి లైటు మారింది. పేరు రాయకుండా ఆపే మార్గమూ దొరికింది. ఈసారి ఎండ నేరుగా అద్దాల్లో పడి బొమ్మంతా తెల్లగా అయిపోతోంది. మస్తాన్ ముందుకు వచ్చి, అదే తువ్వాలును అద్దాలకు పైన చూరులాగా పట్టుకున్నాడు. ఆచారి చాలాసేపు చూశాడు. గద్ద ఒకసారి పిల్ల వైపు, ఒకసారి మా వైపు తల తిప్పింది. ఆయన నవ్వాడు.

"మస్తానూ, నువ్వు పట్టుకున్న చూరు దానికి పుట్టుకతోనే ఉండాది రా. కంటి మీద ఎముక ముందుకొచ్చింది. అందుకే కోపంగా కనపడతాది. కోపం కాదు, నీడ."

"మా అప్ప మొగం గుడక అట్లే ఉంది చూడు," అని మస్తాన్ నా వైపు గడ్డం ఎగరేశాడు.

షెడ్డుకు తిరిగి వచ్చాక ఆచారి తానే గోనెపట్ట తీశాడు. సుద్దముక్కతో కిరీటం ముందు అంచు మీద ఒక గీత గీశాడు, చెంపల మీద రెండు. "రాయిలో తీసేదే గానీ పెట్టేది లేదప్పా. ఉత్త నున్నటి తల చెక్కింటే ఈ చూరుకు రాయి యాడ నుంచి తెచ్చేది? కిరీటం పెట్టి తప్పు చేసినా, అందులోనే మిగిలింది." మోచేయి పక్కటెముకలకు ఆనించి కిరీటం కొస మీద మొదటి దెబ్బ కొట్టాడు. నేను మూడు గంటల బస్సు ఎక్కి, ఆచారి అన్న మాటలన్నీ అత్తకు ఫోన్‌లో చెప్పాను.

ఈస్టర్ నాడు గోస్పాడు చర్చిలో పీఠం నిలబడింది. ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "అంతా బాగుంది గానీ, ఎందుకింత కోపంగా ఉంది?" అన్నాడు. అత్త బైబిలు తెచ్చి రెక్కల మీద పెడుతూ, "కోపం కాదన్నా, నీడ," అంది.

బెంగళూరు ఆయనకు జవాబు రాశాను. చేయి వణికినా బొమ్మ నిలబడటం గొప్ప సంగతి, దాన్ని వదలొద్దు. పేరు రాయాలంటే పక్కన రాయండి, మొహం మీద కాదు, తెలియకపోతే ఊరుకోండి. మా ఎండను మీ పరీక్షల్లో కలపండి. పక్కనున్నవాడు కూడా అదే బొమ్మ చూసే మార్గం పెట్టండి, తువ్వాలు పట్టుకున్న మస్తాన్ ఆ రోజు గద్ద మొహం చూడనే లేదు. అద్దాల మీదికి లాగి పెట్టుకునే చూరు ఒకటి ఇవ్వండి, గద్దకు ఎప్పటి నుంచో ఉంది. ఇంకా జవాబు రాలేదు. వస్తుందని కూర్చోలేదు. ముందు రోజుల్లో ఎన్ని కొత్తవి వచ్చినా, అవి ఎవరి చేతిలో పనికొస్తాయో అడగకుండా చేస్తే నాకు అన్నీ ఒకటే.

మీరు ఆ దారిన పిట్టలకు పోతే, ఎంత ఖరీదైన బైనాక్యులర్ ఉన్నా సరే, ఒక తెల్ల తువ్వాలు, రెండు సీసాల నీళ్లు అదనంగా తీసుకుపోండి. తువ్వాలు పట్టుకున్న మనిషికి కూడా ఒకసారి చూడటానికి ఇవ్వండి.