ఇటుకల మీద కారు

మా నాన్న నిజాయితీ గురించి సంఘంలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. ఆ నిజాయితీతో కాపురం చేసింది మా అమ్మ, దాని కింద నలిగింది నేను.

నాన్న కాజీపేటలో మిషన్ బడి లెక్కల సారు, చర్చిలో పెద్ద. దేశం విడిచిపోతున్న ఒక పాదిరి దొర తన పాత అంబాసిడర్‌ను ఆయనకు చవకగా ఇచ్చిపోయాడు. బడిపంతులుకు కారెందుకని వాడంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళే పెళ్ళికొడుకును ఊరేగించడానికీ, ముసలివాళ్ళను ప్రార్థనకు తేవడానికీ మా గుమ్మం తొక్కేవారు.

కారు కొనడం ఒక ఎత్తు, దాన్ని రోడ్డు మీద ఉంచుకోవడం ఇంకో ఎత్తు. మూణ్నెల్లకోసారి ట్యాక్సు కట్టాలి. కట్టినట్టు గుండ్రటి చీటీ ముందద్దానికి అంటించాలి. చేతిలో డబ్బు ఆడనప్పుడు, ఈ మూణ్నెల్లూ బండి తిప్పనని రవాణా ఆఫీసులో ముందే రాసిస్తే ట్యాక్సు ఉండదు. అట్లా రాసిచ్చి దర్జాగా తిప్పేవాళ్ళు ఊళ్ళో కొల్లలు. మా నాన్న అట్లాంటి మనిషా! రాసిచ్చి వచ్చిన సాయంత్రమే కారును జాకీతో లేపి, ఇటుకల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలూ ఊడదీసి వెనకింట్లో పెట్టాడు. చక్రాలుంటే మనసు లాగుతుందట.

నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది సరిగ్గా అప్పుడే. నెలలింకా నిండలేదు. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నదాన్ని మళ్ళీ లేవలేకపోయాను. నా చీర చూసి అమ్మ నెత్తి కొట్టుకుంది.

"వరంగల్ పెద్ద దవాఖానకు పోవాలె, కారు తియ్యుండ్రి!" అని కేక పెట్టింది.

నాన్న వాకిట్లో నిలబడిపోయాడు. "నడపనని సంతకం పెట్టిన" అన్నాడు.

"మీ సంతకం మీద మన్నువడ! పిల్ల సస్తాంది" అంటూ అమ్మ వెనకింట్లోంచి ఒక చక్రాన్ని తానే దొర్లించుకుంటూ తెచ్చింది. చీరంతా మట్టి. "పట్టుండ్రి, బిగియ్యుండ్రి!"

ఆయన దాన్ని ముట్టలేదు. "రిక్షా పిలుస్త. దేవుడున్నడు, ఫికర్ జెయ్యకు" అని గబగబా బయటికి నడిచాడు. దేవుడున్నాడు సరే, కారు కూడా ఉంది కదా! నాకప్పుడు నొప్పి కన్నా కోపమే ఎక్కువగా తెలిసింది.

రిక్షా దొరికింది. ఎత్తు వచ్చిన ప్రతిచోటా రిక్షావాలా దిగి లాగాడు, నాన్న వెనక నుంచి తోశాడు. నేను అమ్మ ఒళ్ళో తల పెట్టి పళ్ళు కరుచుకున్నాను. హనుమకొండ చౌరస్తాలో మమ్మల్ని దాటి కార్లు పోయాయి. వాటి అద్దాల మీద చీటీలున్నాయో లేదో నేను చూడలేదు.

దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు పాటుపడింది. చివరికి, "జర ముందుగాల తెస్తే దక్కుతుండెనేమో" అంది. ఆడపిల్ల. అచ్చం మా అమ్మ పోలిక.

నన్ను ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకు రవాణా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తిప్పనని రాసిచ్చిన బండి నిజంగా నిలిచే ఉందా అని చూసిపోవడానికి. నేను కిటికీ పక్కన మంచం మీద ఉన్నాను. తాగే నోరు లేని పాలు రవికెను తడుపుతున్నాయి. ఇటుకల చుట్టూ మొలిచిన గడ్డి చూసి ఆయన నవ్వాడు.

"ఏం సారూ, చక్రాలు గూడ తీసిండ్రా! ఇంత నిక్కచ్చి మనిషిని నేనెక్కడ చూడలే. ఏదన్న ఆపతి వస్తె ఏం జేస్తరు మరి?"

నాన్న అడిగాడు. "ఆపతి వస్తె తియ్యొచ్చా?"

"అదేం మాట సారూ! దవాఖానకు పోయే బండిని నేనైతె ఎన్నడు ఆపలే. మనుషులం గాదా?"

ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. నాన్న లోపలికి వచ్చి నా గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నా మొహంలోకి చూడలేదు.

"విన్నవా బిడ్డా?" అన్నాడు.

"విన్న నాయినా."

ఇంకేమైనా అంటాననుకున్నాడేమో, అక్కణ్ణుంచి కదల్లేదు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.