జనవరి ఎముక

మా క్లబ్బు కోచ్‌కి ఒక కన్నుంది. మనందరికీ ఉన్న రెండూ కాకుండా అదనంగా ఇంకొకటి. పిల్ల గ్రౌండులోకి నడిచొచ్చే తీరు చూసే ఆటగత్తె అవుతుందో లేదో చెప్పేయగల కన్ను అది. ఈ సంగతి ఎవరో చెప్పగా విన్నది కాదు, ఆయనే చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. వెనకాల మేమంతా ఆయన్ని కన్ను సారు అంటాం. ఎదురుగా అయితే ఉత్త సారే.

నేను ఆ క్లబ్బులో గుమాస్తాని. గ్యాలరీ మెట్ల కింద గది నాది. పైన ఎవరైనా గెంతితే నా కాగితాల మీద సున్నం రాలుతుంది. ఒక బల్ల, ఒక ఇనప బీరువా, మూలన బంతుల గోతాం, అంతే సామాను. బీరువా నిండా పిల్లల పుట్టిన తేదీ పత్రాలు. ఏడాదికొకసారి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లకు ఎంపిక జరుగుతుంది. దానికి ముందు ఆ పత్రాలు చూసి, ఒకే సంవత్సరంలో పుట్టిన వాళ్ళందరినీ ఒక జట్టు కింద, తేదీల వరసలో రిజిస్టరుకు ఎక్కించడం నా పని. జనవరి ఒకటిన పుట్టిన పిల్ల మొదట, డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టిన పిల్ల చిట్టచివర. ఇద్దరికీ మధ్య దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే నాలుగు వేళ్ళ ఎత్తు, దానికి తగ్గ బలం. రూలు మాత్రం ఇద్దరిదీ ఒకే వయసు అంటుంది.

కన్ను సారు అసలు ఉద్యోగం బజారు మలుపులో ఉన్న పిల్లల బూట్ల దుకాణంలో. పాతికేళ్ళుగా అక్కడే సేల్స్‌మన్. ఆ పనిలో ఆయన్ని చూస్తే నాకే ముచ్చటేస్తుంది. నేల మీద మోకాలు ఆనించి కూర్చుని, పిల్ల పాదం చేతిలోకి తీసుకుని, బూటు తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూసి తల్లితో అంటాడు: "ఒక సైజు పెద్దదే తీసుకోండమ్మా. పెరిగే కాలు. ఆరు నెలల్లో సరిగ్గా సరిపోతుంది." రోజుకు ఇరవైసార్లు అంటాడు ఆ మాట. సాయంత్రం ఐదున్నరకు దుకాణం దాటి గ్రౌండుకు వచ్చేసరికి పిల్లలు పెరుగుతారన్న సంగతి బుర్రలోంచి పూర్తిగా జారిపోతుంది.

ఆయనది కూడా జనవరి పుట్టుకే, మూడో తారీఖు. పద్నాలుగో ఏడు వచ్చేదాకా తన ముందు ఎవడూ నిలవలేదని పాత ఫొటోలు చూపిస్తాడు. నిజమే, ఆ ఫొటోల్లో మిగతా వాళ్ళ తలలు ఆయన భుజం దాకా ఉంటాయి. పదిహేడో ఏటి ఫొటోలో అందరి తలలూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ తరవాత ఫొటోలు లేవు. ఏమైంది సార్ అని అడిగితే మోకాలు పోయిందంటాడు. ఆ పోయిన మోకాలు నేలకానించే పాతికేళ్ళుగా బూట్లు అమ్ముతున్నాడు.

ఎంపిక రోజు ఆయన తంతు చూసి తీరాలి. పిల్లలు నా రిజిస్టరు వరసలోనే నిలబడతారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నోట్లో పుల్ల ఆడిస్తూ వస్తాడు. ముందు పరుగు పెట్టిస్తాడు. తరవాత ఎవరు బంతిని ఎంత దూరం తంతారో చూస్తాడు. బంతి కాలిని వదలకుండా తిరగడం, ఇద్దరి మధ్యలోంచి సందు చూసి పంపడం, ఇలాంటి చిల్లర విషయాలకు ఆయనకు తీరిక ఉండదు. అప్పటికే కన్ను తన పని ముగించి ఉంటుంది. చివర్లో వరస వెంట నడుస్తూ నచ్చిన పిల్ల భుజం తడతాడు. తట్టించుకున్న పిల్ల జట్టులో, తట్టించుకోని పిల్ల ఇంట్లో. ఆయన వంగి ఒక భుజం తట్టడం తొమ్మిదేళ్ళలో నేను చూడలేదు. చెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఉండాలి భుజం.

మా అన్నయ్య కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటాం. నవంబరు ఇరవై ఏడున పుట్టింది. మా వెనక సందులో నీళ్ళ ట్యాంకు గోడకు బంతి కొట్టీ కొట్టీ ఆ గోడకు సున్నం మిగల్లేదు. సందులో ఆడేవాళ్ళంతా తనకన్నా రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళ కాళ్ళ కింద నలగకుండా ఉండటానికి నేర్చుకున్న ఆట దానిది. ఎటు వెళ్తుందో మనకు తెలిసేలోపు బంతితో సహా అవతల ఉంటుంది. నేను మేనత్తనని చెప్పడం లేదు, చూసిన ఎవరైనా ఆ మాటే అంటారు.

వరసగా మూడేళ్ళు ఎంపికకు వచ్చింది. మొదటిసారి సారు "ఒళ్ళు లేదు" అన్నాడు. రెండోసారి "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. మూడోసారి పన్నెండేళ్ళ లోపు జట్టుకు. పెద్ద క్లబ్బుల వాళ్ళు వచ్చి చూసేది ఆ ఒక్క జట్టునే. అందులో లేని పిల్లను ఆ తరవాత ఎవరూ పిలవరు. ఆ సంగతి పిచ్చుకకు తెలుసు, అందుకే ముందు రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. సారు దాన్ని దాటుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగి మా అన్నయ్యతో చెప్పాడు. "ఆటలో దమ్ము లేదండీ. వేరే ఏదైనా నేర్పించండి, పాపం."

పిచ్చుక నా గదిలోకొచ్చి బంతుల గోతాం మీద కూర్చుని బూట్లు విప్పింది. ముందు భాగంలో కుక్కిన దూది బయటికి తీసింది. ఆ బూట్లు అమ్మింది కన్ను సారే, ఒక సైజు పెద్దవి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా కూర్చుని తొమ్మిదేళ్ళ రిజిస్టర్లు తిరగేసి, ఆయన భుజం తట్టిన ప్రతి పిల్ల పుట్టిన తేదీ కిందా ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. మొత్తం నూట అరవై రెండు మంది. అందులో నూట పద్దెనిమిది మంది ఏప్రిల్ లోపు పుట్టినవాళ్ళు. సెప్టెంబరు దాటాక పుట్టినవాళ్ళు తొమ్మిదిమంది. రిజిస్టర్లు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆ మొహంలో వెలుగు చూసి, ఎట్టకేలకు అర్థమైందనుకున్నాను.

"నాకెప్పుడో తెలుసమ్మా" అన్నాడు. "జనవరిలో పుట్టిన పిల్లలకి ఎముక గట్టిది. చలికి గట్టిపడుతుంది."

"డిసెంబర్లో కూడా చలే కదా సార్."

"డిసెంబరు చలి వేరు" అన్నాడు.

రిజిస్టర్లు చంకన పెట్టుకుని వచ్చేశాను. మర్నాటి నుంచి ఆయన తల్లిదండ్రులకు జనవరి ఎముక గురించి కూడా చెప్పడం మొదలుపెట్టాడు, నా లెక్కను సాక్ష్యంగా చూపిస్తూ. వాళ్ళు తలలూపుతూ విన్నారు. బూట్ల దుకాణంలో రోజూ ఇరవైసార్లు నిజం చెప్పే మనిషి గ్రౌండులో ఇలా కోతలు కోస్తుంటే అడిగే నాథుడు లేడు.

ఆయన ఎముక సిద్ధాంతానికి పెద్ద ఋజువు ఆయన కూతురే. జనవరి ఆరున పుట్టింది. మా పిచ్చుక కంటే సరిగ్గా నలభై రోజులు చిన్నది. కాకపోతే మధ్యలో సంవత్సరం మారింది కాబట్టి కింది జట్టులో పడింది. అక్కడ నా రిజిస్టరులో మొదటి పేరు ఆ పిల్లదే. అందరికన్నా పొడుగు, అందరికన్నా వేగం, జట్టుకు కెప్టెన్, వీపు మీద పదో నంబరు. నలభై రోజుల తేడాలో ఒకతి దమ్ము లేని పిల్ల అయింది, ఇంకొకతి పుట్టు ఆటగత్తె అయింది. "రక్తంలోనే ఉందమ్మా" అనేవాడు సారు. ఆ పిల్లను మాత్రం నేనొక మాట అనలేను. ఆట అయ్యాక బంతులన్నీ ఏరి, లెక్కపెట్టి, నా గదిలో పెట్టి వెళ్ళే పిల్ల అదొక్కతే.

ఏప్రిల్లో పై సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది. ఇక నుంచి వయసు లెక్క జనవరి ఒకటి నుంచి కాదు, ఆటల సీజనుకు సరిపోయేలా ఆగస్టు ఒకటి నుంచి. ఆగస్టులో పుట్టిన పిల్ల మొదట, జూలైలో పుట్టిన పిల్ల చివర. కొత్త లెక్క ప్రకారం మళ్ళీ ఎంపికలు. నేను రెండు వారాలు కూర్చుని రిజిస్టరు కొత్తగా రాశాను. పన్నెండేళ్ళ లోపు జట్టు పేజీలో పిచ్చుక పేరు మళ్ళీ వచ్చింది, ఈసారి పై నుంచి తొమ్మిదోది. కన్ను సారు కూతురు కూడా అదే పేజీలో చేరింది, పదిహేడోది. ఆ పేజీ రాస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం అంత మంచిది కాదని నాకు అప్పుడే తెలుసు.

కాగితం సారుకు చూపించాను. "వయసు గీత మారితే ఏంటమ్మా, కన్ను మారుతుందా?" అన్నాడు.

మారలేదు. ఎంపిక రోజు అదే పుల్ల, అవే చేతులు, అదే వరస. పిచ్చుక అప్పటికి కాస్త సాగింది. అంతకన్నా ముఖ్యం, పక్కన నిలబడ్డ వాళ్ళు చిన్నవాళ్ళు. పరుగులో మూడోదిగా వచ్చింది. ఆట మొదలయ్యాక బంతి దాని కాలిని వదల్లేదు, నలుగురిని తప్పించి గోల్ కొట్టింది. సారు నోట్లో పుల్ల ఆడటం ఆగిపోయింది. వరస వెంట నడుస్తూ వచ్చి దాని భుజం తట్టాడు. వంగాల్సిన పని లేకపోయింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు?" అన్నాడు.

"ఇక్కడికే వచ్చాను సార్. మూడేళ్ళు వచ్చాను. మీరే పంపించేశారు" అంది పిచ్చుక. పొగరుగా అనలేదు, అడిగారు కాబట్టి చెప్పింది.

సారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. నా వైపు తిరిగి, "చూశావామ్మా, అప్పుడు తీసుకోకుండా ఆపాను కాబట్టే ఇలా రాటుదేలింది. అదే కన్నంటే" అన్నాడు. ఇంతటి మనిషిని ఓడించడం ఎవరి తరం? ఏం జరిగినా ఆయన ముందే చూసి ఉంటాడు.

తరవాత తన కూతురి దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఆ పిల్ల పరుగులో పదకొండోది. ఎప్పుడూ తనే ముందుండే పిల్ల కనక, ముందు అంతమంది వీపులు కనిపిస్తుంటే ఏం చెయ్యాలో తెలియక తికమకపడింది. బంతి దూరంగా తన్నింది, కానీ అంత దూరం తన్నేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. సారు ఆగాడు. తల్లిదండ్రులంతా చూస్తున్నారు. ఆయన చెయ్యి ఎత్తలేదు.

"నా కూతురైనా సరే" అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. "ఈ ఏడు దీనిలో దమ్ము తగ్గింది. ఫోను ఎక్కువైంది." దాటుకుని ముందుకు వెళ్ళిపోయాడు. ఆయన నిజాయితీకి చప్పట్లు కొట్టారు. ఆయన ఆ చప్పట్లను తలవంచి అందుకున్నాడు. కూతురి భుజం కోసం వంచని నడుమును చప్పట్ల కోసం వంచాడు.

సాయంత్రం ఆ పిల్ల నా గదికి వచ్చింది. ఎప్పటిలాగే బంతులు ఏరి తెచ్చి గోతాంలో వేసింది. తరవాత సంచిలోంచి పదో నంబరు జెర్సీ తీసి బల్ల మీద పెట్టింది. ఉతికి, ఇస్త్రీ చేసి, నంబరు లోపలికి వచ్చేలా మడత పెట్టి ఉంది. పొద్దున తొడుక్కొచ్చింది అదే. అంటే ఇంటికెళ్ళి తనే ఉతుక్కుని, ఆరబెట్టుకుని మళ్ళీ వచ్చింది.

"ఆంటీ, నేను ఆట మర్చిపోయానా?" అంది.

"లేదమ్మా."

"నాన్న ఫోన్ వల్ల అన్నారు. నాకు ఫోనే లేదు. అమ్మది ఆదివారం ఒక గంట ఇస్తారంతే."

ఆ పిల్ల మీద జాలితోనే చేశానని చెప్పుకోవాలని ఉంది. కానీ సగం జాలి, సగం ఆ మనిషి మీద కసి. బీరువా తీసి ఎర్ర గీతల రిజిస్టర్లు దాని ముందు పరిచాను. తేదీలు చూపించాను. వయసు లెక్కకు పాత గీత ఎక్కడుండేదో, కొత్త గీత ఎక్కడుందో చెప్పాను. ముందు పుట్టినవాళ్ళు పెద్దగా ఉంటారని, మీ నాన్న చూసేది ఆ పెద్దరికాన్నే అని, నువ్వేమీ మర్చిపోలేదని, నీ పక్కన నిలబడ్డవాళ్ళు మారారని, అంతేనని విడమరిచి చెప్పాను. తెలివైన పిల్ల. వేలు పెట్టి ఒక్కో పేజీ కిందిదాకా చదివింది. తన పేరు మొదట ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

"అయితే అప్పుడు కూడా నేను బాగా ఆడలేదా ఆంటీ?" అంది.

ఆ గదిలో తొమ్మిదేళ్ళుగా ఎంతమంది పిల్లలో బూట్లు విప్పుకుంటూ ఏడ్చారు. వాళ్ళలో ఒక్కరికైనా నేను ఆ పుస్తకాలు తెరిచి చూపించలేదు. వాళ్ళకు చూపిస్తే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇన్నేళ్ళకు ఒక్క పిల్లకు చూపించాను, ఆ పిల్ల దగ్గరున్నది కాస్తా లాగేసుకున్నాను.

"ఆడావమ్మా, బాగానే ఆడావు" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ పిల్ల తలూపి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

జెర్సీ చాలాసేపు బల్ల మీదే ఉంది. తరవాత దాన్ని బీరువాలో పెట్టి, పిచ్చుక పేరుతో ఉన్న జట్టు కార్డు తీసి, దాని మీద పదో నంబరు రాశాను.